మునిసిపాలిటీకి ఇచ్చిన ఆధార్ జిరాక్సు ఎక్కడెక్కడ తిరుగుతుందంటే

తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, మిగతావాళ్లకు అర్థం కావాలి కదా. కొన్న ఇంటికి పేరు మార్పిడి చేయించుకుందామని మునిసిపాలిటీలో ఆధార్ జిరాక్సు, సేల్ డీడ్ కాపీ, ఫోన్ నంబర్ ఇచ్చాడు. పది రోజులు తిరక్కముందే లోన్ల వాళ్లు, ఇంటీరియర్ల వాళ్లు "సార్, కొత్త ఇల్లు తీసుకున్నరు కదా" అంటూ ఫోన్లు. అదే వారంలో వార్డు వాట్సాప్ గ్రూపులో వితంతు పెన్షన్ల జాబితా పడింది, అందులో వాళ్లమ్మ పేరు, పన్నెండంకెల ఆధార్ నంబర్, ఫోన్ నంబర్ అన్నీ ఉన్నాయి. మునిసిపాలిటీ వాళ్లు ఇట్ల చేయొచ్చా, ఎవరికి చెప్పుకోవాలి, మా వివరాలు తీసేయించుకోవచ్చా అని ప్రశ్న. ఊరి పేరు రాయలేదు, మంచి పని చేశావు.

నేను బిల్ కలెక్టర్‌గా చేరి, సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరైన మనిషిని. ఉత్తర తెలంగాణలో నాలుగు మునిసిపాలిటీలు తిరిగా, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. లాయర్‌ని కాదు. కాబట్టి చట్టం సంగతి నాకు పని పడ్డంతవరకే తెలుసు, ఆఫీసు సంగతి మాత్రం లోపలి గోడల రంగుతో సహా తెలుసు.

డేటా పోయింది అనగానే అందరూ హ్యాకర్ అంటారు. నా సర్వీసులో హ్యాకర్‌ను నేను చూడలేదు. నేను చూసినవన్నీ జిరాక్సు కాగితం, వాట్సాప్, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడటం, ఈ మూడే. నీ పేరు మార్పిడి ఫైలు ఎట్ల నడుస్తుందో చెప్తా చూడు. కౌంటర్‌లో ఇన్‌వర్డ్ నంబర్ వేస్తారు, ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ దాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తాడు, బిల్ కలెక్టర్ ఇల్లు చూసి రావాలి, ఆ తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, రెవెన్యూ ఆఫీసర్, చివరికి కమిషనర్. కాగితం మీద చూస్తే ఐదారుగురు. కానీ బిల్ కలెక్టర్ ఎండలో ఫైలు మోసుకుని తిరగడు కదా, ఫోన్‌లో ఫొటో కొట్టుకుంటాడు, ఇల్లు దొరక్కపోతే "ఈ డోర్ నంబర్ ఎక్కడన్నా" అని ఆ ఫొటోనే సెక్షన్ గ్రూపులో పెడతాడు, ఆ గ్రూపులో నిరుడు బదిలీ అయిపోయినోళ్లు, కాంట్రాక్టు అయిపోయిన పిల్లలు, ఒకరిద్దరు మాజీ కౌన్సిలర్ల మనుషులు ఇంకా ఉంటారు, ఎవరూ ఎవరినీ తీసేయరు. ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు. పని త్వరగా కావాలి, అంతే.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో కమిషనర్ డిజిటల్ సంతకం డాంగిల్‌కు (కంప్యూటర్‌కు పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది) రబ్బర్ బ్యాండ్ చుట్టి ఆపరేటర్ డ్రాయర్‌లో పెట్టేవాళ్లు, దాని పిన్ నంబర్ డ్రాయర్ లోపలి చెక్క మీదే పెన్సిల్‌తో రాసి ఉండేది. సార్ మీటింగులకు పోతారు, జనం లైన్‌లో నిలబడి ఉంటారు, సంతకాలు ఆగొద్దు. ఆపరేటర్‌ను పంపే ఏజెన్సీ టెండర్ మారినప్పుడల్లా మారుతుంది, జీతాలు రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి, పిల్లలు మానేస్తారు, కొత్త పిల్లలు వస్తారు, లాగిన్ మాత్రం పాతదే నడుస్తుంది. మానేసిన పిల్లవాడికి ఆ పాస్‌వర్డ్ గుర్తుండదా? ఉంటుంది.

ఇక నీ లోన్ ఫోన్ల సంగతి. దీంట్లో మునిసిపాలిటీని ఒక్కదాన్నే అనుమానించకు. నువ్వు ఇల్లు కొన్న సంగతి రహస్యం కాదు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీస్తే అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు రెండూ వస్తాయి. అది తప్పు కూడా కాదు, అట్ల లేకపోతే ఒకే ప్లాటు నలుగురికి అమ్మేవాళ్లు. కానీ ఈసీలో ఫోన్ నంబర్ ఉండదు. నంబర్ ఇంకెక్కడి నుంచో పోయింది. నీ కాగితాలు ఎక్కడ జిరాక్సు తీయించావో గుర్తు తెచ్చుకో. ఆఫీసు ఎదురుగా ఉండే షాపులో "ఈ నంబర్‌కు వాట్సాప్ చేయండి, ప్రింట్ ఇస్తా" అన్నాడా? అట్లాంటి షాపులో ఒకసారి కంప్యూటర్ తెర మీద చూసిన, నాకంటే ముందొచ్చిన ముప్పై నలభై మంది ఆధార్లు, పాన్ కార్డులు, టెన్త్ మెమోలు, ఒకాయన మెడికల్ రిపోర్టు కూడా, అన్నీ వరుసగా తెరిచే ఉన్నయి. షాపతను మంచోడే, డిలీట్ చేయాలని ఎవరూ చెప్పలేదంతే. నా దగ్గర పాత కీప్యాడ్ ఫోన్ ఒకటుంది, ఆ నంబర్ ప్రభుత్వ ఫారాలకు తప్ప ఎక్కడా ఇవ్వను. దానికి లోన్ ఫోన్ వచ్చిందంటే ఎక్కడి నుంచి పోయిందో నాకు తెలిసిపోతుంది. రెండేళ్లలో మూడుసార్లు వచ్చింది.

కాగితాలు బయట పడితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు మన దగ్గరి ముచ్చటే ఒకటి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి జనం భూముల దస్తావేజులు దింపుకున్నాడు, వాటి మీద వేలిముద్రలు, ఆధార్ నంబర్లు రెండూ ఉన్నాయి, ఆ ముద్రలతో రబ్బరు వేళ్లు తయారు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకయ్యా అంటే అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి. వేలిముద్రలు, నంబర్లు రెండూ ఒకే కాగితం మీద పెట్టి తెరిచి ఉంచితే చాలు, హ్యాకర్ అక్కర్లేదు.

ఇప్పుడు అమ్మ పేరున్న జాబితా. దీన్ని రెండుగా విడదీసి చూడాలి, చాలామంది ఇక్కడే గజిబిజి అవుతారు. లబ్ధిదారుల పేర్లు బయటపెట్టడం తప్పు కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4లోనే సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఆఫీసే తనంతట తాను ప్రకటించాలని ఉంది. ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు సభల్లో చదివారు కదా, అట్ల చదవబట్టే "వాడికి మూడంతస్తుల మేడ ఉంది, వాడి పేరెట్ల వచ్చింది" అని అడగగలిగారు. పేరు, వార్డు, ఏ పథకం, ఇంతవరకు సరే. ఆధార్ నంబర్, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా దాంట్లో ఎందుకు? ఆధార్ చట్టం సెక్షన్ 29(4) ఆధార్ నంబర్‌ను బహిరంగంగా ప్రచురించొద్దు, ప్రదర్శించొద్దు అంటుంది, దాని కింద 2016లో వచ్చిన నిబంధనల్లో ఆధార్ నంబర్లున్న రికార్డు ఏదైనా బయటపెట్టాల్సి వస్తే నంబర్లు కనపడకుండా చేసి పెట్టాలని కూడా ఉంది. కాబట్టి ఆ గ్రూపులో పెట్టింది ఎవరైనా సరే, పేరు వరకు పారదర్శకత, ఆ పక్క కాలమ్ నుంచి తప్పు.

ఆ తప్పు నేనూ చేశాను, దాచేదేముంది. 2021లో ఒక వార్డులో పెన్షన్ వెరిఫికేషన్ పని నాకు పడింది. రెండు రోజులే టైం, టెన్షన్, 140 మందిని ఆఫీసుకు పిలవాలి. ఎక్సెల్ షీటు మొత్తం ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టిన, "కింది వారు రేపు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌తో రాగలరు" అని. నాలుగో రోజు ఒక అవ్వ వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. "సారూ, నువ్వే కదా ఫోన్ చేసినవు, పించిని పెరుగుతది, నంబర్ చెప్పుమంటివి" అంది. నేను చేయలేదు. ఎవడో నా పేరు చెప్పి, ఆమె పేరు, ఆధార్ చివరి అంకెలు తనే చదివి వినిపించి, ఓటీపీ చెప్పించుకున్నాడు. ఆరు వేల చిల్లర పోయింది, అంటే అప్పటి 2,016 రూపాయల లెక్కన మూడు నెలల పెన్షన్. ఆమె వాణ్ని నమ్మలేదు, వాడు చదివిన అంకెల్ని నమ్మింది, ఆ అంకెలు ఆఫీసుకే తెలుసని ఆమెకు తెలుసు. నా షీటు నుంచే పోయిందని రుజువు లేదు. నాకు మెమో కూడా రాలేదు. ఎవరూ అడగలేదు అసలు.

కొత్త చట్టం వచ్చింది కదా అని నువ్వు రాశావు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అందరూ డీపీడీపీ అంటున్నది. 2023 ఆగస్టులో చట్టమైంది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. అది వస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకోకు, మునిసిపాలిటీ విషయంలో దాంట్లో నాలుగు మెలికలు ఉన్నాయి.

మొదటిది, సర్టిఫికెట్, లైసెన్సు, పర్మిషన్, సబ్సిడీ ఇవ్వడానికి ప్రభుత్వ సంస్థ నీ వివరాలు వాడుకోవాలంటే, సెక్షన్ 7 కింద, ప్రతిసారీ నీ సమ్మతి అడగక్కర్లేదు. అవసరమైనంతే తీసుకోవాలి, భద్రంగా ఉంచాలి, ప్రశ్నలుంటే ఎవరిని అడగాలో చెప్పాలి అని రూల్స్‌లో ప్రమాణాలు పెట్టారు, అది మంచిదే. రెండోది, ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్నదానికి, లేదా కాగితం నుంచి డిజిటల్‌గా మార్చినదానికి మాత్రమే. రికార్డ్ రూంలో గోనె సంచిలో ఉన్న నీ జిరాక్సుకు వర్తించదు. మన ఆఫీసుల్లో పోయేదంతా కాగితమే కదా సార్ అని ఒక ట్రైనింగ్‌లో నేను అడిగితే ఆ సార్ నవ్వి టీ బ్రేక్ ఇచ్చాడు. 2024 జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ప్రజాపాలన దరఖాస్తులు (ప్రభుత్వ పథకాల కోసం జనం ఇచ్చినవి) బండి మీది నుంచి రోడ్డంతా పడ్డ వీడియో అందరూ చూసిందే, జనం ఫోన్ నంబర్లు టైర్ల కింద పడ్డాయి, అది కాగితమే.

మూడోది తీసేయించుకోవడం. నువ్వు అడిగిన దానికి సూటి జవాబు: కుదరదు. డేటా చెరిపేయమని అడిగే హక్కు ప్రభుత్వ సంస్థల దగ్గర ఉన్న డేటాకు వర్తించదని చట్టమే సెక్షన్ 17లో మినహాయించింది. నిజానికి పేరు మార్పిడి ఫైలును చెరపమని నువ్వు కూడా అడగవు, రేపు ఎవడైనా ఆ ఇల్లు నాదంటే నీకు అదే సాక్ష్యం. నువ్వు అడగాల్సింది గ్రూపులో పడ్డ కాపీని తీయించమని. నాలుగోది జరిమానా. భద్రత జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా వేయొచ్చు, పేపర్లలో పెద్ద హెడ్డింగులు వచ్చాయి. ఆ డబ్బు భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు పోతుంది. అవ్వకు పోయిన ఆరు వేలు దాంట్లో నుంచి రావు.

దీనితో పాటు సమాచార హక్కు చట్టంలో (ఆర్టీఐ) ఒక మార్పు వచ్చింది, అది మాత్రం 2025 నవంబర్ నుంచే అమల్లో ఉంది. ఇంతకుముందు సెక్షన్ 8(1)(జె)లో వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదు, కానీ ప్రజా కార్యకలాపానికి సంబంధం ఉంటే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి అని ఉండేది. ఇప్పుడు ఆ తోక కోసేశారు, వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వక్కర్లేదు. సెక్షన్ 8(2)లో ప్రజా ప్రయోజనం మాట ఇంకా ఉంది గానీ, అది వాదించి గెలుచుకోవాల్సింది. నా అభిప్రాయం అడిగితే, ఇది తిరగబడ్డ పని. నీ తల్లి నంబర్ గ్రూపుల్లో తిరుగుతుంటే ఈ కొత్త చట్టం కింద ఆపడానికి 2027 దాకా ఆగాలి, పెట్టినవాడి పేరు అడిగితే దాచడానికి చట్టం ఇవాళే చేతికొచ్చింది.

పాత చట్టాలు చేసినవాళ్లకు ఈ తెలివి లేక కాదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం తీసి చూడు, ఫీజు కట్టి ఎవరైనా రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు, కాపీ కూడా తీసుకోవచ్చు, కానీ ఆ కాపీలో చావుకు కారణం రాయకూడదు. మా సెక్షన్‌లో ఒక పాత క్లర్కు ఉండేవాడు, ఎవరు వచ్చి ఏ రోగంతో పోయాడన్నా అని అడిగినా రిజిస్టర్ మూసి దాని మీద టిఫిన్ డబ్బా పెట్టేవాడు. కంప్యూటర్ రాకముందు ఆయనే మా డేటా ప్రొటెక్షన్.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గ్రూపు అడ్మిన్‌తో కొట్లాడకు, వాడు డిలీట్ చేసి "ఏ జాబితా?" అంటాడు. ముందు స్క్రీన్‌షాట్, తేదీ, టైం, ఎవరి నంబర్ నుంచి వచ్చిందో తీసి దాచుకో. తర్వాత కమిషనర్ పేరు మీద కాగితం రాయి. నాలుగు లైన్లు చాలు, రామాయణం వద్దు: "ఫలానా తేదీన ఫలానా పేరు గల వాట్సాప్ గ్రూపులో మా తల్లి ఆధార్ నంబర్, ఫోన్ నంబర్‌తో కూడిన పెన్షన్ల జాబితా పెట్టారు. ఇది ఆధార్ చట్టం 2016 సెక్షన్ 29(4)కు విరుద్ధం. సదరు జాబితాను వెంటనే తొలగింపజేసి, బాధ్యులెవరో విచారించి, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలుపగలరు." సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకో, రసీదు లేకుండా ఇంటికి రాకు. ఒక కాపీ హైదరాబాద్‌లో సీడీఎంఏ (మునిసిపాలిటీలన్నిటి మీద ఉండే రాష్ట్ర కమిషనర్) ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపు. పైనుంచి "నివేదిక పంపండి" అని ఒక్క లైను వస్తే చాలు, కింద ఫైలు కదులుతుంది, నేను ఆ లైన్లకు జవాబులు రాసినవాణ్నే. ఆధార్ సంస్థ హెల్ప్‌లైన్ 1947కు కూడా ఫిర్యాదు పెట్టు.

నెలలోపు జవాబు రాకపోతే ఆర్టీఐ. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, 30 రోజులు. ఇక్కడే తెలివి వాడాలి. "జాబితా పెట్టిన ఉద్యోగి పేరు చెప్పండి" అని అడిగితే వ్యక్తిగత సమాచారం అని పంపేస్తారు. మనిషిని అడగకు, హోదాను అడుగు. పెన్షన్ జాబితా డౌన్‌లోడ్ చేసే లాగిన్ ఏ హోదా వాళ్ల దగ్గర ఉంది, మొత్తం ఎన్ని లాగిన్లు ఉన్నాయి, డేటా ఎంట్రీ ఏ ఏజెన్సీకి ఇచ్చారు, ఆ ఒప్పందంలో గోప్యత గురించి రాసిన పేజీ కాపీ ఇవ్వండి, మానేసిన ఆపరేటర్ల లాగిన్లు మూసిన తేదీలు ఇవ్వండి. వీటిలో ఎవరి వ్యక్తిగత సమాచారమూ లేదు. ఆ చివరి ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే ఆఫీసులో చాలా లాగిన్లు ఆ వారంలోనే మూసేస్తారు, నీకు జవాబు ఏం రాసినా సరే. సర్వర్ మీద దాడి జరిగినా, డేటా బయటపడినా 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (కేంద్ర సైబర్ భద్రత సంస్థ) చెప్పాలని 2022లోనే కేంద్రం ఆదేశాలిచ్చింది, అవి ప్రభుత్వ ఆఫీసులకూ వర్తిస్తాయి. కానీ వాట్సాప్‌లో పడ్డ ఎక్సెల్‌ను డేటా లీక్ అని మా ఆఫీసుల్లో ఎవరూ అనుకోరు, మెసేజ్ ఫార్వర్డ్ అయింది అంటారు.

అమ్మకు ఇవాళే చెప్పు, ఆఫీసు పేరుతో ఎవరు ఫోన్ చేసి ఏ అంకెలు చదివినా ఓటీపీ చెప్పొద్దని. ఖర్మ కాలి డబ్బు పోతే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయి. ఆధార్ వేలిముద్రల లాక్ పెట్టమని అందరూ చెప్తారు, మంచిదే, కానీ అమ్మ వేలిముద్ర వేసి డబ్బులు తీసుకుంటుంటే లాక్ పెట్టిన నెల పెన్షన్ చేతికి రాదు, తీసే రోజు లాక్ తెరవడం ఇంట్లో ఎవరికో ఒకరికి వచ్చుండాలి.

ఇకముందు కాగితాలు ఇచ్చేటప్పుడు మాస్క్డ్ ఆధార్ ఇవ్వు, చివరి నాలుగంకెలే కనపడతాయి, ఆధార్ సైట్ నుంచే దింపుకోవచ్చు. "ఇది చెల్లదు" అంటాడు కౌంటర్‌లో పిల్లవాడు. పెన్షన్, సబ్సిడీ లాంటి వాటికి ఆధార్ తప్పనిసరి చేసే వీలు చట్టంలో ఉంది గానీ పేరు మార్పిడి ఆ కోవలోది కాదు, అక్కడ నీ హక్కు చూపేది సేల్ డీడ్. మెల్లగా చెప్పు, గొంతు పెంచితే ఫైలు అడుక్కు పోతుంది, ఇది నేను ఒట్టేసి చెప్పగలను. జిరాక్సు మీద, ఫొటో మీద కాకుండా అడ్డంగా, "డోర్ నంబర్ ఫలానా, పేరు మార్పిడి కోసం మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టు. దానివల్ల దొంగతనం పూర్తిగా ఆగదు. కానీ ఇంకో ఫైలులో అదే కాగితం కనపడితే ఎక్కడి నుంచి వచ్చిందో దాని మీదే రాసి ఉంటుంది. మిగిలిన కాపీలు, సరిగా పడని కాపీలు షాపులో వదిలి రాకు, అడిగి తెచ్చుకో.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముందు చేయాల్సింది. ప్రశ్నతో పాటు నువ్వు పెట్టిన ఆ స్క్రీన్‌షాట్ తీసేయి తమ్ముడూ. అమ్మ పేరు మీద నల్ల గీత పెట్టావు, కింద ఇంకో పదకొండు మంది ఆధార్ నంబర్లు అట్లనే కనపడుతున్నాయి.